గర్భసంచి జారింది: తీయించుకోవాలా, పైకి కట్టించుకోవాలా?

గోదావరి డెల్టాలోని ఒక పల్లె నుంచి 54 ఏళ్ల పాఠకురాలు తన పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు ముగ్గురు పిల్లలు. మూడు కాన్పులూ ఇంట్లోనే మంత్రసాని చేతుల మీదుగా జరిగాయి. మూడో బిడ్డ బాగా బరువు కావడంతో రెండు రోజులు నొప్పులు పడ్డారు. కాన్పయిన ఇరవయ్యో రోజుకే ఊడ్పులకు దిగారు. నెలసరి ఆగి ఐదేళ్లయింది. ఆరేళ్లుగా కింద ఏదో జారుతున్నట్టు ఉండేదని, ఇప్పుడు సాయంత్రానికి కోడిగుడ్డంత ముద్ద బయటికి వస్తోందని, పడుకుంటే లోపలికి పోతుందని, ఏడాదిగా మాత్రం వేలితో పైకి నెట్టుకుంటే తప్ప మూత్రం సాఫీగా రావడం లేదని రాశారు. ఈ సంగతి భర్తకు చెప్పలేక రెండేళ్లుగా వసారాలో పడుకుంటున్నారు. ఆయన మాత్రం ఏదో అలిగిందనుకుంటున్నారట.

పెద్దమ్మాయి పట్టుబట్టి ఇద్దరు డాక్టర్లకు చూపించింది. జిల్లా కేంద్రంలోని డాక్టరమ్మ సంచి మూడో డిగ్రీ, అంటే బయటికి వచ్చేంతగా, జారిందనీ, కింది నుంచి ఆపరేషన్ చేసి సంచి తీసేయాలనీ చెప్పారు. హైదరాబాద్ డాక్టరు సంచి ఉంచి, పొట్టలో నుంచి ల్యాప్రోస్కోపీ ద్వారా జాలీ లాంటి వల (మెష్) వేసి పైకి కడతామన్నారు. తోడికోడలు సంచి తీయించుకున్న ఆరేళ్లకు ఆమెకు మళ్లీ ముద్ద దిగింది. వలల మీద అమెరికాలో వేల కేసులు పడ్డాయని పక్కింటి అబ్బాయి ఫోన్లో చూపించాడు. సంచి తీస్తే ఒంట్లో సత్తువ పోతుందని అత్తగారంటున్నారు. మూడు నెలల సగటు చక్కెర పరీక్ష 9.2 వచ్చింది. వీటన్నిటికీ తోడు చిన్నమ్మాయికి ఇంకో నాలుగు నెలల్లో తొలి కాన్పు, అదీ పుట్టింట్లోనే. "తీయించుకోవాలా, పైకి కట్టించుకోవాలా, లేక ఇలాగే నెట్టుకురావాలా?" అని అడుగుతూ, చివరి పేజీ అడుగున, "ఈ మధ్య రెండుసార్లు బట్టకు ఎర్రటి మరక కనబడింది, రాపిడికేమో" అని ఒక్క వాక్యం చేర్చారు.

అమ్మా, ఆ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. మీరు నాలుగు పేజీల్లో అడిగిన ప్రశ్నలన్నిటికంటే ముందు తేలవలసింది ఆ మరక సంగతి. నెలసరి పూర్తిగా ఆగిపోయిన స్త్రీకి ఒక్క చుక్క రక్తం కనబడినా కారణం తెలుసుకోవాలి. మీ అనుమానం నిజమయ్యే అవకాశం బాగానే ఉంది: బయటికి వచ్చిన గర్భసంచి మూతి రోజంతా చీరకు, లంగాకు రాసుకుంటే అక్కడ పుండు పడుతుంది, అది రక్తం ఓడుతుంది. అయితే అదే మరక గర్భసంచి లోపలి పొర నుంచి కూడా వచ్చి ఉండవచ్చు, ఆ పొరలో అరుదుగా క్యాన్సర్ ఉండవచ్చు. ఏది అన్నది చూసి, పరీక్షించి చెప్పాలే తప్ప ఊహించి చెప్పకూడదు. యోని ద్వారా చేసే స్కానింగులో లోపలి పొర మందం 4 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే చాలావరకు నిశ్చింత. అంతకు మించితే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మూతి దగ్గర కణాలు తీసి చూసే పాప్ స్మియర్ పరీక్ష కూడా చేస్తారు. ఇద్దరు డాక్టర్లలో ఎవరికైనా ఈ మరక మాట చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. సంచిని లోపల ఉంచి పైకి కట్టే ఆపరేషన్ ఏదైనా, లోపల సంచి ఆరోగ్యంగా ఉందని తేలాకే ఆలోచించాలి. ఈ వారమే వెళ్లి ఈ ఒక్క మాట చెప్పండి.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. గర్భసంచిని ఉట్టిలో పెట్టిన కుండ అనుకోండి. లిగమెంట్లు అనే పట్టీలు ఉట్టి తాళ్లలా దాన్ని పైనుంచి, వెనుక నుంచి పట్టి ఉంచుతాయి. అడుగున కటి కండరాలు నవారు మంచంలా పరుచుకుని ఉంటాయి. పెద్ద బిడ్డ, రెండు రోజుల నొప్పులు, పచ్చి ఒంటితో వంగి చేసిన ఊడ్పులు, ఆ తర్వాత ఏళ్ల తరబడి మోసిన మోపులు, నెలసరి ఆగాక తగ్గిన హార్మోన్లు, ఇవన్నీ కలిసి తాళ్లను సడలించాయి, నవారును వదులు చేశాయి. కుండ కిందికి దిగింది. దానితోపాటు ముందున్న మూత్రసంచి కూడా జారింది. వేలితో నెట్టుకుంటే తప్ప మూత్రం రాకపోవడానికి కారణం అదే, జారిన మూత్రసంచి దగ్గర దారి మడత పడుతోంది. ఇందులో మీ గర్భసంచి చేసిన తప్పేమీ లేదు. కుండను తీసి పారేసినంత మాత్రాన ఉట్టి తాళ్లు బిగుసుకోవు. సంచి తీస్తారా, ఉంచుతారా అన్న ప్రశ్న పెద్దదిగా కనబడుతుంది కానీ, తాళ్లను దేనికి, ఎలా కడతారు అన్నదే అంతకంటే పెద్ద ప్రశ్న. ఇద్దరు డాక్టర్లనూ మీరు అడగవలసింది అదే.

మీ తోడికోడలి కథ ఇక్కడే అర్థమవుతుంది. సంచి తీసేశాక యోనిమార్గం పైకొన మిగిలి ఉంటుంది. దాన్ని గట్టి ఆధారానికి కట్టకుండా వదిలేస్తే కొన్నేళ్లకు ఆ పైకొనే తిరగేసిన మేజోడులా కిందికి దిగవచ్చు. ఆమెకు అప్పుడు ఏం చేశారో నాకు తెలియదు, కాబట్టి ఎవరినీ తప్పుపట్టను. బాగా కట్టినా కొందరికి మళ్లీ జారుతుంది. కానీ "సంచి తీశారు, అయినా జారింది" అని ఆమె ఆశ్చర్యపోవడంలోనే మన ఊళ్లలో ఈ ఆపరేషన్ గురించి ఉన్న అపోహ అంతా ఉంది. మీరు అనుమానపడటంలోనూ న్యాయం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం తేలారు. తెల్లబట్టకు, నడుం నొప్పికి కూడా సంచి తీయించుకున్న పాతికేళ్ల, ముప్పయ్యేళ్ల పిల్లలను మీరూ చూసే ఉంటారు. మీది ఆ కోవ కాదు. కంటికి కనబడేంతగా, మూత్రం ఆగేంతగా జారిన సంచికి ఆపరేషన్ సూచించడం అనవసరం కాదు.

అలాగని అది తప్పనిసరీ కాదు, తొందరా లేదు. ఈ జబ్బు దానంతట అది క్యాన్సర్‌గా మారదు. మీకు ఎంత ఇబ్బందిగా ఉందో మీరు చెప్పేదాన్ని బట్టే చికిత్స నిర్ణయిస్తారు. ఏమీ చేయకుండా ఇలాగే ఉండటం కూడా ఒక దారే, కానీ మీ విషయంలో దానికి షరతులున్నాయి. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిపోతోందో స్కానింగులో చూడాలి. అది 100 మిల్లీలీటర్లు దాటి తరచూ నిలిచిపోతుంటే, పైగా మీకున్న షుగరుతో, మూత్రంలో చీము పట్టే భయం ఎక్కువ. బాగా జారిన సంచి మూత్రపిండాల నుంచి వచ్చే గొట్టాలను కూడా లాగి వంచగలదు, కనుక మూత్రపిండాల స్కానింగు కూడా అవసరం. అవి రెండూ బాగుంటే ఇలాగే ఉంటానన్నా ఎవరూ కాదనలేరు. కటి కండరాల వ్యాయామాల గురించి కూడా ఒక మాట. మొదటి, రెండో డిగ్రీలో నేర్పేవారి పర్యవేక్షణలో కనీసం 16 వారాలు శ్రద్ధగా చేస్తే లక్షణాలు తగ్గుతాయి. బయటికి వచ్చేసిన ముద్దను అవి లోపలికి తీసుకుపోలేవు. అయినా చేయండి, ఆపరేషన్ తర్వాత ఆ కండరాలతోనే పని.

మీ ఇద్దరు డాక్టర్లూ చెప్పని దారి ఒకటుంది, మన దగ్గర ఎందుకో దాని మాట ఎవరూ ఎత్తరు. అది రింగు, పెస్సరీ అంటారు. మెత్తటి సిలికాన్‌తో చేసిన, చేతి గాజు ఆకారంలో ఉండే వస్తువు. రెండు వేళ్లతో మడిచి యోనిలోకి పెడితే లోపల విచ్చుకుని సంచినీ మూత్రసంచినీ పైకి ఆనించి ఉంచుతుంది. సైజులు ఉంటాయి, సరిపోయిందో లేదో ఆసుపత్రిలోనే తేల్చుకోవాలి. పెట్టాక లేచి నడవాలి, దగ్గాలి, గొంతుక్కూర్చోవాలి, మూత్రానికి వెళ్లి రావాలి. అప్పుడు కూడా జారకుండా, ఒత్తకుండా, అసలు ఉన్నట్టే తెలియకుండా ఉంటే అది మీ సైజు. మొదటిసారే కుదరకపోతే విసుగు పడవద్దు, బాగా వదులైనవారికి పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఇంకో రకం నిలుస్తుంది. సొంతంగా తీసి సబ్బు నీళ్లతో కడిగి పెట్టుకోవడం నేర్చుకోవచ్చు. చేతకాదనుకుంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి ఆసుపత్రిలో మార్పించుకోవాలి. పెట్టించుకుని మరిచిపోతే మాత్రం లోపల ఒరుసుకుపోయి పుండు పడుతుంది, దుర్వాసన వస్తుంది. మీకు ఇప్పటికే పుండు ఉంటే ముందు అది మానాలి. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ క్రీము దానికి సాయపడుతుంది, కానీ రక్తపు మరకకు కారణం తేలాకే వాడాలి.

ఇప్పుడు ఆపరేషన్ల సంగతి. జిల్లా డాక్టరమ్మ చెప్పినది కింది నుంచి, పొట్ట మీద కోత లేకుండా చేసేది. సాధారణంగా నడుముకు మత్తు ఇచ్చి, యోని ద్వారానే గర్భసంచి తీసి, జారిన మూత్రసంచిని, అవసరమైతే వెనుక మలనాళం వైపు గోడను కూడా సవరించి కుడతారు. ఒకటి రెండు రోజులు మూత్రానికి గొట్టం, ఒక రోజు లోపల గాజుగుడ్డ ఉంటాయి. అంతా సవ్యంగా ఉంటే మూడు నాలుగు రోజుల్లో ఇంటికి రావచ్చు. ఖర్చు తక్కువ, పెద్ద యంత్రాలు అక్కర్లేదు, చేయగలిగినవారు జిల్లా ఆసుపత్రుల్లోనూ ఉన్నారు. మీరు అడగవలసిందల్లా, సంచి తీశాక పైకొనను దేనికి కడతారు అని. వెనుక లిగమెంట్లను కలిపి పైకొనకు బిగించే మెకాల్ కుట్టు 1957 నుంచి ఉన్నదే. లేదా కటి ఎముక లోపలి గట్టి పట్టీకి, సాధారణంగా కుడి పక్కన, కుట్టి నిలబెడతారు. రెండోదానిలో కొన్ని వారాలపాటు పిరుదు నొప్పి పెట్టవచ్చు. ఈ ప్రశ్నకు డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెబితే మంచి చేతుల్లో ఉన్నారన్నమాటే. "సంచి తీసేస్తే సరిపోతుంది, అదంతా మీకెందుకు" అంటే ఇంకొకరిని అడగండి. అండాశయాలు తీస్తారా ఉంచుతారా అన్నది వేరే నిర్ణయం, దాన్ని కూడా ముందే అడిగి తేల్చుకోండి.

హైదరాబాద్ డాక్టరు చెప్పినదానిలో పొట్ట మీద చిన్న రంధ్రాల ద్వారా లోపలికి వెళ్లి, గర్భసంచి మెడకు సన్నని వలపట్టీ కుట్టి, దాని రెండో కొనను వెన్ను చివరనున్న త్రికాస్థికి బిగిస్తారు. ఉట్టికి కొత్త తాడు వేసి దూలానికి కట్టినట్టు. పట్టు బాగా నిలుస్తుంది, యోని పొడవు తగ్గదు. దీనికి పూర్తి మత్తు, ఎక్కువ సమయం, చేయి తిరిగిన సర్జన్ కావాలి, ఖర్చూ ఎక్కువ. పక్కింటి అబ్బాయి చూపించింది అబద్ధం కాదు, కానీ అది మీ వల కథ కాదు. యోని గోడల్లోనుంచి, కింది వైపున అమర్చే వలలు కొందరిలో గోడను కోసుకుని బయటపడ్డాయి, తీరని నొప్పి మిగిల్చాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో, 2011లో హెచ్చరించి, 2019 ఏప్రిల్‌లో జారుడు కోసం వాడే అలాంటి వలల అమ్మకం ఆపేయమని కంపెనీలను ఆదేశించింది. పొట్ట వైపు నుంచి త్రికాస్థికి కట్టే వల ఆ ఆదేశంలో లేదు. అయితే వల వలే: అది జీవితాంతం ఒంట్లో ఉంటుంది, ఏళ్ల తర్వాతైనా కొద్దిమందిలో లోపలి గోడను ఒరుసుకుని బయటపడవచ్చు, షుగరు అదుపులో లేకపోతే ఆ భయం ఎక్కువ. "మీ చేతుల మీదుగా ఇవి ఎన్ని జరిగాయి, ఇబ్బంది వస్తే వల తీసేది మీరేనా" అని అడగడం అమర్యాద కాదు.

ఈ రెంటి మధ్యలో ఇంకోటి ఉంది. వల లేకుండా, సంచి తీయకుండా, కింది నుంచే గర్భసంచి మెడను ఆ కటి ఎముక పట్టీకి దారంతో కుట్టి నిలబెట్టవచ్చు. నెదర్లాండ్స్‌లో 208 మంది స్త్రీలను తీసుకుని ఈ పద్ధతినీ, సంచి తీసే పద్ధతినీ పోల్చి ఐదేళ్లు చూస్తే, సంచి ఉంచినవారి ఫలితం ఏమీ తీసిపోలేదు. యోనిని దాదాపు మూసి కుట్టేసే చిన్న ఆపరేషన్ ఒకటి చాలా పెద్దవయసు వారికి, ఇక దాంపత్యం వద్దనుకున్నవారికి చేస్తారు. మీ ఉత్తరం చదివాక అది మీకు తగినదని నేను అనుకోవడం లేదు. ఇక పిల్లలు కావాలనుకునే చిన్న వయసువారు ఈ జవాబు చదువుతుంటే, వారి కోసం సంచిని పట్టీతో పైకి కట్టే పద్ధతులు మన దేశంలోనే రూపొందాయి. గర్భం నిలవడానికి వేసే కుట్టుతో పేరు తెలిసిన బొంబాయి వైద్యుడు శిరోద్కర్ పేరిటే అందులో ఒకటి ఉంది.

ఏ ఆపరేషన్‌కైనా కొన్ని ఇబ్బందులు ఉమ్మడి. రక్తస్రావం, చీము పట్టడం, అరుదుగా మూత్రసంచికో మూత్రనాళానికో దెబ్బ, కొన్నాళ్లు మూత్రం రాకపోవడం, కలయికలో నొప్పి. మూత్రం దారి మడత విప్పుకున్నాక దగ్గినా తుమ్మినా మూత్రం కారడం కొందరిలో కొత్తగా మొదలవుతుంది. ఇది చాలామందికి ముందు ఎవరూ చెప్పరు. రింగు పెట్టి దగ్గించి చూస్తే ఆ సంగతి ముందే తెలుస్తుంది, కనుక రింగు ఆపరేషన్‌కు పోటీ కాదు, దాని రుచి చూపించేది కూడా. మళ్లీ జారడం గురించి నిజం చెప్పాలంటే, అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో జరిగి 1997లో వెలువడిన అధ్యయనంలో, జారుడుకో మూత్రం కారడానికో ఆపరేషన్ చేయించుకున్నవారిలో 29 శాతం మందికి అది మొదటిసారి కాదు. అప్పటికంటే పద్ధతులు మెరుగుపడ్డాయి, కానీ ఎవరైనా "జన్మలో మళ్లీ రాదు" అని హామీ ఇస్తే ఆ హామీని నమ్మవద్దు. అత్తగారు చెప్పిన సత్తువ మాటకొస్తే, నెలసరి ఆగి ఐదేళ్లయిన మీ గర్భసంచి ఇప్పుడు ఒంటికి ఏ బలమూ ఇవ్వడం లేదు. అదే సమయంలో, సంచి తీస్తే నడుం నొప్పి పోతుందని ఆశ పెట్టుకోవద్దు. కింద బరువుగా లాగే నొప్పి తగ్గుతుంది, వెన్ను నొప్పి చాలాసార్లు అలాగే ఉంటుంది.

చిన్నమ్మాయి పురుడు మాట. ఆపరేషన్ ఏది చేయించుకున్నా కనీసం ఆరు వారాలు బిందె ఎత్తకూడదు, వంగి ఊడవకూడదు, చంకలో పిల్లను పెట్టుకుని తిరగకూడదు. నా మట్టుకు నేను మూడు నెలలు అంటాను, ఎందుకంటే ఆరు వారాలంటే మన ఆడవాళ్లు నాలుగో వారానికే కల్లాపి బకెట్ ఎత్తుతారు. పైగా 9.2 ఉన్న సగటు చక్కెరను 8 లోపుకు దించితే తప్ప ఇలాంటి ముందే అనుకుని చేసే ఆపరేషన్‌కు మంచిది కాదు, అందుకు రెండు మూడు నెలలు పడుతుంది. అంటే ఇప్పుడే మొదలుపెట్టినా ఆపరేషన్ తేదీ సరిగ్గా పురుడు మీద పడుతుంది. అందుకని మీకు రెండు మార్గాలు. పరీక్షల్లో ఏమీ లేకపోతే ఇప్పుడు పుండు మాన్పించుకుని, రింగుతో గడిపి, చక్కెర దించుకుని, పురుడు, బారసాల అయ్యాక మీ తీరిక చూసుకుని ఆపరేషన్ చేయించుకోవడం ఒకటి. ఇందులో చిక్కేమిటంటే, రింగు నిలవకపోతే ఈ నాలుగైదు నెలలూ మళ్లీ ఇప్పటి బాధే, అదీ పని ఎక్కువ ఉన్న రోజుల్లో. చిన్నమ్మాయి పురుడును అత్తవారింట్లోనో, పెద్దమ్మాయి దగ్గరో జరిపించి మీరు ముందుగా బాగుచేయించుకోవడం రెండోది; పుట్టింటి పురుడు చేయలేకపోయానన్న నొప్పి మీకుంటుంది, నలుగురూ ఓ మాట అంటారు, కానీ మనవడినో మనవరాలినో ఆరో నెల నుంచి ధైర్యంగా ఎత్తుకోవచ్చు. నేనైతే మొదటి దారి వైపు మొగ్గుతాను. మూత్రపిండాల స్కానింగు బాగాలేదని తేలినా, మరకకు చెడ్డ కారణం ఉన్నా ఈ లెక్కలన్నీ పక్కకు పోతాయి, అప్పుడు పురుడు కాదు మీరే ముందు.

భర్త విషయంలో ఒక్క మాట. వసారాలో పడుకున్న రెండేళ్లలో ఆయన ఏమనుకున్నారో మీకు తెలియదు, మీకేమైందో ఆయనకు తెలియదు. కలయిక వల్ల ఈ జబ్బు పెరగదు, ఆయనకు అంటుకోదు. ఆ భయం ఉంటే వదిలేయండి. నోటితో చెప్పడం కష్టమైతే డాక్టరు దగ్గరకు ఆయన్ను వెంట తీసుకువెళ్లి ఆమె చేత చెప్పించండి, లేదా పెద్దమ్మాయి చెబుతుంది. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు బిందెలు ఎవరు ఎత్తాలన్న ప్రశ్నకు ఆయనే జవాబు కావాలి కదా. ఆరోగ్య పథకం కింద ఈ ఆపరేషన్ వస్తుందో లేదో, ఏ ఆసుపత్రిలో వస్తుందో అక్కడి పథకం సిబ్బందిని అడిగి తెలుసుకోమని ఆయనకు ఆ పని కూడా అప్పగించండి.

ఈలోగా మలబద్ధకం లేకుండా చూసుకోండి, ముక్కి వెళ్లవద్దు. దగ్గు ఉంటే నయం చేయించుకోండి. బయటికి వచ్చిన ముద్ద లోపలికి వెళ్లక వాచి నల్లబడినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, చలితో జ్వరం వచ్చి నడుం పక్కన నొప్పి పెట్టినా, ఎర్రటి మరక కాస్తా రక్తస్రావంగా మారినా, ఊడ్పులున్నాయని ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.